అటక మీద మూట ఎవరి గుమ్మంలో దింపుతున్నాం?

భోగి వస్తందంటే ఇల్లు దులుపుతాం. అటక మీంచి మూటలు దిగుతాయి. కొన్ని మంటలోకి పోతాయి, కొన్ని కాలవ గట్టుకి. గట్టు మీద పారేసింది ఎటు పోద్దో ఎవరూ అడగరు. ఏలూరు మీంచి పోయే తమ్మిలేరు కలిసేది కొల్లేట్లోనే. మనం వదిలించుకున్న సంచి లంకూళ్ళలో ఎవరి వలకో తగులుద్ది.

ఇదివరకు నూలు చీరకి చావు లేదు. చిరిగితే ఉయ్యాల, తర్వాత బొంత, చివరికి మసిగుడ్డ. ఇప్పుడు బీరువాల నిండా పెళ్ళిళ్ళలో పెట్టిన పాలిస్టర్ చీరలే. బొంతకి పనికిరావు, చెమట పీల్చవు. భోగి మంటలో వేస్తే కరిగి కంపు కొడతాయి. పాతబట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిణ్ణి మనం చిన్నచూపు చూస్తాం గానీ, నా లెక్కలో ఆవిడ పద్ధతే మర్యాదైంది. గిన్నెకి ఎన్ని చీరలో బేరం ఆడుకుంటాం, అయిపోద్ది. అందులో ఎవరూ ఎవరికీ దణ్ణం పెట్టక్కర్లేదు.

దానం అలా కాదు. మన పల్లెల్లో పాతబట్ట వెనకాల చాలా కథుంది. పండక్కి పాలేరు చేతిలో కామందు పాత పంచె పెట్టేవోడు. అది కూలిలో కోతని కప్పెట్టే గుడ్డ కూడా. తీసుకునేవోడు గుమ్మం బయటే నిలబడాలి. అందుకే ఇవాళ ఆ పేటల కుర్రాళ్ళు "మాకొద్దండి" అంటే పొగరనుకోకండి. వాళ్ళ తాతకి ఆ పంచె గుర్తే.

2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి విజయవాడ మునిగింది. అది టీవీల్లో చూశాం. ఆ నీళ్ళన్నీ తర్వాత కొల్లేరుకే వచ్చాయి. ఉప్పుటేరు మీంచి సముద్రానికి లాగేదాకా లంకల దార్లు నీళ్ళలోనే ఉన్నాయి. అలాంటప్పుడు లంకలో ఇంటికి కావల్సింది టార్పాలిన్, మూతున్న బకెట్, పొడి దుప్పటి, పిల్లల పుస్తకాల సంచి. బొత్తాల్లేని చొక్కాలు, జతలేని చెప్పులు మూటగట్టి పంపితే దోనెలో చోటు దండగ. 2004 సునామీ తర్వాత తమిళనాట ఇలాగే జరిగింది. పంపిన బట్టలు రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. అంశు గుప్తా 1999లో ఢిల్లీలో పెట్టిన గూంజ్ సంస్థోళ్ళు వాటిని ఏరి, పనికొచ్చేలా చేశారు. పాత నూలు గుడ్డల్ని ఉతికి, కత్తిరించి ఆడోళ్ళ నెలసరికి ప్యాడ్లు కుట్టించేది కూడా వాళ్ళే. ఏరడం, ఉతకడం, కుట్టడం, అసలు కష్టం అక్కడుంది. మనం చెయ్యకపోతే ఆ పని తీసుకునేవోళ్ళ నెత్తిన పడుద్ది.

మరి ఏం ఇవ్వొచ్చు? మీ వయసోళ్ళ దగ్గర ఎక్కువ ఉండేవి రెండు, పుస్తకాలు, ఫోన్లు. 2025 మెగా డీఎస్సీలో పోస్టులు 16,347. రాసినోళ్ళు లక్షల్లో. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ పుస్తకాలు మంచం కిందే ఉన్నాయి. కరెంట్ అఫైర్స్ పాతబడిపోయాయి, అవి కాగితాల కొట్టుకెయ్యండి. సైకాలజీ, మెథడాలజీ, లెక్కలు ఇంకా పనికొస్తాయి. సిలబస్ ఒకసారి సరిచూసి, వచ్చేసారి రాసే చెల్లికి నేరుగా ఇవ్వండి. తాడేపల్లిగూడెంలో హాస్టల్ ఖాళీ చేసే తమ్ముళ్ళూ, పరుపు, బకెట్, టేబుల్ ఫ్యాను గేటు దగ్గర వదిలెయ్యకండి. వారం ముందే జూనియర్లని అడిగి, కావాలన్నోళ్ళకే ఇవ్వండి. ఊరికే ఇస్తే మొహమాటపడతారనిపిస్తే యాభయ్యో వందో తీసుకోండి, తప్పేం లేదు.

ఫోను విషయంలో మాత్రం జాగ్రత్త. ముందు ఫొటోలు, నంబర్లు దాచుకోండి. బ్యాంకు, ఫోన్‌పే యాప్‌లలోంచి బయటికి రండి. సిమ్ము, మెమరీ కార్డు తీసెయ్యండి. సెట్టింగుల్లో గూగుల్ అకౌంటు తీసేశాకే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. అకౌంటు తియ్యకుండా వేరే దారిలో రీసెట్ చేస్తే ఫోను మళ్ళీ మీ పాస్‌వర్డే అడుగుద్ది. తీసుకున్నోడు దాన్ని పట్టుకుని సెల్లు షాపుల చుట్టూ తిరగాలి. చార్జరు కూడా ఇవ్వండి, పనిచేసేదే.