ఒక్క గోలు తేడా: అంకెలు చెప్పు కథ

2023 మార్చి 13వ తేదీ రాత్రి కలకత్తాలోని సాల్ట్ లేక్ స్టేడియములో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు ఓడిపోయినది. అది ఇండియన్ సూపర్ లీగు సెమీ ఫైనలు రెండవ ఆట. ఎదుటి జట్టు ఎ.టి.కె. మోహన్ బగాన్. తొంబది నిమిషములలో ఎవరును గోలు చేయలేదు. అదనముగా ఆడించిన ముప్పది నిమిషములలోను చేయలేదు. అంతకు నాలుగు దినములకు ముందు, మార్చి 9న, మన గచ్చిబౌలి బాలయోగి స్టేడియములో జరిగిన మొదటి ఆటయు 0–0 గానే ముగిసియుండెను. కడకు పెనాల్టీ కిక్కులలో 4–3 తేడాతో మోహన్ బగాన్ ఫైనలునకు చేరినది.

లింగంపల్లి స్టేషనులో దిగి విశ్వవిద్యాలయపు గోడ వెంబడి పోయినచో బాలయోగి స్టేడియము ఎంతో దూరము కాదు. ఈ ప్రాంతమువారికి అది ఇంటి మైదానము. ఇంటి జట్టు ఇట్లు ఓడినపుడు జనుల నోట వచ్చు మాట సామాన్యముగా ఒక్కటే: "ఆ బంతి స్తంభమునకు తగులకున్నచో గెలిచియుందుమే!" అనగా నేరము ఒక మనిషి కాలిమీదికి పోవును. పాపము, ఆ మనిషి తనకు కలిగిన బాధ చాలక ఊరివారి బాధను కూడ మోయవలసివచ్చును. ఇది న్యాయమా కాదా అను ప్రశ్నకు అంకెలు కొంత సమాధానము చెప్పగలవు.

ముందుగా ఆ పది కిక్కులను చూతము. గోలుకు పండ్రెండు గజముల దూరమునుండి ఒక్కొక్క జట్టువారు ఐదేసి మారులు తన్నుదురు. ఎదుట గోల్‌కీపరు తప్ప మరెవ్వరును ఉండరు. హైదరాబాదు పక్షమున మొదట జోవావ్ విక్టర్ గోలు చేసెను. సివేరియో కిక్కును విశాల్ కైత్ ఆపెను. ఒగ్బెచే కిక్కు స్తంభమునకు తగిలినది. పిదప రోహిత్ దాను, రీగన్ సింగు గోళ్లు చేసిరి. ఐదింట మూడు. మోహన్ బగాన్ వారిలో హామిల్ ఒక్కడు తప్పెను. చివర ప్రీతం కోటాల్ గోలుతో వారి లెక్క ఐదింట నాలుగు అయినది.

ఐదింట మూడు అనునది అంత చెడ్డ లెక్కయా? ఫుట్‌బాలులో పెనాల్టీ కిక్కులు నాలుగింట మూడు చొప్పున గోళ్లగునని స్థూలముగా చెప్పవచ్చును. మన పెద్దలు పచ్చీసు ఆడు నాలుగు ముఖముల పాచికను తలచుకొనుడు. దాని మూడు ముఖములపై "గోలు" అనియు, నాలుగవ ముఖముపై "తప్పు" అనియు వ్రాసి, ఐదు మారులు వేయుచు పోవుదము. నూరు పర్యాయములు ఇట్లు చేసినచో సుమారు 24 పర్యాయములు ఐదుకు ఐదును గోళ్లే పడును. 40 పర్యాయములు నాలుగు పడును. 26 పర్యాయములు మూడే పడును. మిగిలిన పదింట రెండుగాని అంతకు తక్కువగాని పడును. అనగా ఏ లోపమును లేని జట్టు సయితము నూటికి ముప్పదియారు మారులు మూడు గోళ్లతోగాని అంతకంటె తక్కువతోగాని తృప్తిపడవలసినదే. ఇది పాచిక స్వభావమేగాని ఆటగాని స్వభావము కాదు.

అయినను అంతయు అదృష్టమే యనుట కూడ పొరబాటు. అంతకు ముందటి సంవత్సరము, 2022 మార్చి 20న, గోవాలోని ఫతోర్దాలో ఇదే హైదరాబాదు జట్టు కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనలు ఆడెను. ఆట 1–1, పెనాల్టీలలో 3–1తో కప్పు మనకు వచ్చినది. ఆనాడు గోల్‌కీపరు కట్టిమణి మూడు కిక్కులను ఆపెను. అది నేర్పే. కాని ఆనాడు మనము పాచికను గూర్చి ఒక్క మాటయు ఎత్తలేదనుట గమనింపదగినది. గెలుపు వచ్చినపుడు నేర్పు, ఓటమి వచ్చినపుడు నేరము. ఇది ప్రేక్షకుల గణితము. మోహన్ బగాన్ మాట కూడ చెప్పవలెను: వారు హైదరాబాదును ఓడించిన ఐదు దినములకే ఫైనలులో బెంగళూరుతో 2–2గా ఆడి, మరల పెనాల్టీలలోనే, మరల 4–3 తోనే కప్పు గెలిచిరి.

ఇక పది కిక్కులను విడిచి పెద్ద లెక్కలోనికి పోవుదము. ఆ సంవత్సరపు లీగులో ప్రతి జట్టును ఇరువది ఆటలు ఆడెను. హైదరాబాదు పదుమూడు గెలిచి, మూడు సమముగా ముగించి, నాలుగు ఓడి, 42 పాయింట్లతో రెండవ స్థానమున నిలిచెను. చేసిన గోళ్లు 36, ఇచ్చినవి 16. మోహన్ బగాన్ 34 పాయింట్లతో మూడవ స్థానము. చేసినవి 24, ఇచ్చినవి 17. రక్షణలో ఉభయులును సమానులే. దాడిలో మాత్రము హైదరాబాదుదే పైచేయి: ఆటకు సగటున 1.8 గోళ్లు, ఎదుటివారికి 1.2.

ఈ రెండు జట్లును ఆ ఋతువులో నాలుగు మారులు తలపడినవి. 2022 నవంబరులో కలకత్తాలో మోహన్ బగాన్ 1–0తో గెలిచినది. 2023 ఫిబ్రవరి 14న హైదరాబాదులో మనవారు 1–0తో గెలిచిరి. ఆ ఒక్క గోలును 86వ నిమిషమున చేసినవాడు ఒగ్బెచే. పిదప సెమీ ఫైనలు రెండాటలును 0–0. మొత్తము 390 నిమిషములు. ఒకరికి ఒక గోలు, మరొకరికి ఒక గోలు. ఇంతకంటె సరిసమానమైన తూకము మనము కోరినను దొరకదు.

అసలు కథ ఇచ్చటనే యున్నదని మా అభిప్రాయము. హైదరాబాదు తన సగటు చొప్పున ఆడియున్నచో 390 నిమిషములలో సుమారు ఎనిమిది గోళ్లు రావలెను. ఎదుటివారి గట్టి రక్షణను లెక్కించి సగము తగ్గించినను నాలుగు రావలెను. వచ్చినది ఒకటి. సెమీ ఫైనలులో 210 నిమిషములు బంతి వలలో పడలేదు. జట్టు ఓడినది ఆ 210 నిమిషములలో. స్తంభమునకు తగిలిన ఆ క్షణమున కాదు.

ఇట్లేల జరుగునన్నచో ఫుట్‌బాలు స్వభావమే అది. కబడ్డీలో ఒక్కొక్క పక్షమునకు ముప్పది, నలుబది పాయింట్లు వచ్చును. ఒక పొరబాటు ఆ రాశిలో మునిగిపోవును. క్రికెట్టులో పరుగులు వందలు. ఫుట్‌బాలులో రెండు మూడు గోళ్లే. లెక్క చిన్నదైనకొలది అదృష్టము వాటా పెద్దదగును. అందుచేతనే నేటి గణకులు గోళ్లను మాత్రమే లెక్కింపక, గోలుపైకి కొట్టిన ప్రతి బంతికిని దూరమును, కోణమును బట్టి ఒక విలువ కట్టుచున్నారు. పెనాల్టీకి ముప్పాతికకు కొంచెము మించిన విలువ. ముప్పది గజములనుండి కొట్టినదానికి స్వల్పము. వీనిని కూడినచో ఆ జట్టునకు ఎన్ని గోళ్లు రాదగియుండెనో తెలియును. ఇది మంచి కొలతయే. కాని ఒక్క ఆటకు దీనిని ప్రయోగించి తీర్పు చెప్పువారిని అంతగా నమ్మరాదు. వెనుకబడిన జట్టు తొందరలో ఎక్కువ బంతులు కొట్టును, ముందున్న జట్టు ఊరకే కాచుకొని కూర్చుండును.

ఇట్టి లెక్కలు లేని రోజులలో హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం తన కన్నులతోనే లెక్క చూచెను. 1960 రోము ఒలింపిక్కులలో ఆయన శిక్షణనిచ్చిన భారత జట్టు హంగరీ చేతిలో 1–2తో ఓడెను. మన గోలు సికిందరాబాదు బలరాముది. ఫ్రాన్సుతో 1–1, పెరూతో 1–3. జాబితాలో అడుగున నిలిచిన జట్టది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో అదే రహీం జట్టు మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడినది. ఆయన ఆటగాండ్ర స్థానములు మార్చెను. రక్షణలో ఆడు జర్నైల్ సింగును ముందునకు పంపెను. ఫైనలులో అదే కొరియాపై 2–1 గెలుపు, బంగారు పతకము. రెండు గోళ్లలో ఒకటి పి.కె. బెనర్జీది, రెండవది జర్నైల్‌ది.

నిజమైన పతనమును చూపుటకు అంకెలకు పాచిక సాయము అక్కరలేదు. 2023–24లో, జీతముల చిక్కులతో శిక్షకుడును ఆటగాండ్రలో పెక్కురును వెడలిపోయిన పిదప, హైదరాబాదు 22 ఆటలలో ఒక్కటి గెలిచినది, ఐదు సమము, పదునారు ఓటములు. చేసిన గోళ్లు 10, ఇచ్చినవి 43. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయినది.