గోడ దాటే దరువు

ఖరగ్‌పూర్ ఐఐటి ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న ప్రేమ్ బజార్‌లో ఒక ఇంటి కారు షెడ్డును ఊహించుకోండి. కారును వీధిలో నిలిపి, లోపల డ్రమ్ సెట్టు, గిటారు, కీబోర్డు అమర్చుకున్నారు నలుగురు కుర్రాళ్లు. పక్కింటాయన రైల్వే వర్క్‌షాపులో రాత్రి డ్యూటీ దిగి వచ్చి పగలు నిద్రపోవాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ తెలుగువాళ్లు స్థిరపడ్డ ఊరు కనుక, "బాబూ, కాస్త ఆపండర్రా!" అన్న కేక తెలుగులోనే వినబడవచ్చు. కుర్రాళ్లు షెడ్డు గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు. అయినా మర్నాడు ఆయన మళ్లీ తలుపు తట్టాడు. ఎందుకని?

ధ్వనిని శోషించడం వేరు, ధ్వనిని ఆపడం వేరు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక కొత్త ఉపన్యాసశాలలో మాటలు గింగురుమంటూ అర్థం కాకుండా పోయేవి. ఆ సంగతి తేల్చమని వాలెస్ సబైన్ అనే యువ భౌతిక శాస్త్రవేత్తను నియమించారు. ఆయన పక్కనున్న థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి, ఒక ఆర్గన్ గొట్టం, ఒక గడియారం సాయంతో రాత్రిళ్లు కొలతలు తీశాడు. మెత్తలు పెరిగేకొద్దీ హాల్లో శబ్దం త్వరగా అణగిపోయింది. అంటే మెత్తని వస్తువులు గది లోపలి ప్రతిధ్వనులను తగ్గిస్తాయి. గోడ దాటిపోయే ధ్వనిని అవి ఆపలేవు. గుడ్ల అట్టలకైతే ఆ శోషించే గుణం కూడా అంతంతమాత్రమే.

మరి ధ్వనిని ఆపేదేది? బరువు. గాలిలోని పీడన తరంగం గోడను కంపింపజేస్తుంది. ఆ గోడ అవతలి గాలిని కంపింపజేస్తుంది. గోడ బరువైనదైతే కదలడానికి మొరాయిస్తుంది. చదరపు మీటరు గోడ బరువు రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్‌ల నిరోధం పెరుగుతుంది. పౌనఃపున్యం రెట్టింపైనా అంతే. దీన్ని తిరగేసి చూడండి: 1000 హెర్ట్‌జ్ స్వరంతో పోలిస్తే 60 హెర్ట్‌జ్ దరువుకు అదే గోడ 24 డెసిబెల్‌లు తక్కువగా అడ్డుపడుతుంది. పక్కింట్లో పాట వినపడక, ఒట్టి "ధుం ధుం" మాత్రమే వినపడటానికి కారణమిదే. 60 హెర్ట్‌జ్ ధ్వని తరంగదైర్ఘ్యం 5 మీటర్ల పైమాటే. నాలుగు సెంటీమీటర్ల అట్ట దాన్ని ఏం చేయగలదు?

రెండువైపులా సిమెంటు పూసిన ఐదంగుళాల ఇటుక గోడ దాదాపు 45 డెసిబెల్‌లు తగ్గిస్తుంది. అంటే 30,000 వంతుల్లో ఒక వంతు శక్తే అవతలికి పోతుంది. కానీ ఆ గోడలో నూటికి ఒక వంతు వైశాల్యం సందుగా ఉందనుకోండి. ఆ సందు గుండా మొత్తం గోడ గుండా పోయేదానికి 300 రెట్లు శక్తి బయటపడుతుంది! 45 డెసిబెల్‌ల గోడ కాస్తా 20 డెసిబెల్‌ల గోడ అవుతుంది. షెడ్లకుండే రోలింగ్ షట్టరు అసలే పలచని రేకు, ఆపై అంతటా సందులే. కాబట్టి ఖర్చు ముందు అక్కడ పెట్టాలి: షట్టరు వెనుక బరువైన చెక్క తలుపు, దాని చుట్టూ రబ్బరు పట్టీ.

అదీ చాలకపోతే గదిలో గది కట్టాలి. పాత గోడను తాకకుండా ఒక చట్రం నిలిపి, దానికి జిప్సం బోర్డులు రెండు పొరలు బిగించి, నడుమ గ్లాస్‌వూల్ నింపుతారు. ఇక్కడొక మెలిక ఉంది. రెండు గోడల మధ్య చిక్కిన గాలి స్ప్రింగులా పనిచేసి, ఒక పౌనఃపున్యం దగ్గర అనునాదం పుట్టిస్తుంది. పది సెంటీమీటర్ల ఖాళీ ఉంటే అది సుమారు 44 హెర్ట్‌జ్. స్థలం పోతుందని రెండున్నర సెంటీమీటర్లే వదిలితే 88 హెర్ట్‌జ్‌కు, అంటే సరిగ్గా డ్రమ్ము దరువు దగ్గరికి చేరుతుంది. అక్కడ రెండో గోడ మేలుకు బదులు కీడే చేయవచ్చు. డ్రమ్ముల కింద రబ్బరు దిమ్మెల మీద చెక్క వేదిక కూడా ఉండాలి. లేకుంటే కంపనం నేల గుండా ప్రయాణిస్తుంది.

చవకగా దొరుకుతుందని మామూలు పాలీయురేథేన్ ఫోమును గోడలకు అంటించకండి. 2003 ఫిబ్రవరిలో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఒక సంగీత క్లబ్బులో బాణసంచా రవ్వలు అలాంటి ఫోముకే అంటుకుని 100 మంది చనిపోయారు. సందులన్నీ మూసిన గదికి గాలి కూడా కావాలి. లోపల శోషక పదార్థం అతికించి, ఒకటి రెండు మలుపులు తిప్పిన గాలి గొట్టం అమర్చితే గాలి వస్తుంది, ధ్వని మలుపుల్లో చాలావరకు అణగిపోతుంది. కారును, జనరేటరును ఆ గదిలో నడపకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 10 తర్వాత 45 డెసిబెల్‌లు. చిన్న షెడ్డులో డ్రమ్ములు 100 దాటడం మామూలే. వాయించేవాళ్ల చెవులకూ అది ప్రమాదమే, చెవి బిరడాలు వాడండి.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రాత్రివేళ షెడ్డులో పెద్ద బల్బు వెలిగించి, తలుపులు మూసి, బయట చీకట్లో చుట్టూ తిరగండి. వెలుతురు కనబడ్డ ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. మర్నాడు పని అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.