డిజైనా, సైబర్ సెక్యూరిటీనా? నాకు క్లూ యూపీఐ పిన్ స్క్రీన్ దగ్గర దొరికింది

ఈ వారం ఫోన్ రివ్యూ లేదు. కెమెరా శాంపిల్స్, బ్యాటరీ టెస్ట్ వచ్చే వారం చూద్దాం. ఈసారి వేరే విషయం. బీటెక్ అయిపోయాక, లేదా జాబ్‌లో చేరాక "నాకు ఏది ఇష్టమో నాకే తెలియట్లేదు" అనుకునే వాళ్లు మనలో చాలామందే ఉంటారు. నేనూ ఆ బ్యాచే.

బీటెక్ సీఎస్‌ఈ అయ్యాక రెండేళ్లు ఆండ్రాయిడ్ డెవలపర్‌గా చేశా. తర్వాత జాబ్ మానేసి ఎంటెక్‌లో చేరా. రెండో సెమిస్టర్‌లో ఒక ఫామ్ ఇచ్చారు. అందులో రెండు డబ్బాలు: ఒకటి సిస్టమ్స్ సెక్యూరిటీ, ఇంకోటి హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్. ఒక్కదానికే టిక్ పెట్టాలి. థీసిస్ అందులోనే, ప్లేస్‌మెంట్ కూడా దాదాపు దాన్ని బట్టే.

నాకేమో రెండూ ఇష్టమే. కొత్త ఫోన్ చేతికొస్తే నేను ముందు తెరిచేది కెమెరా కాదు, సెట్టింగ్స్. ఏ ఆప్షన్ ఎక్కడ పెట్టారు, ఎందుకు దాచారు అని చూస్తూ కూర్చుంటా. ఇంకో పక్క హాస్టల్లో తెల్లవారుజాము మూడింటి దాకా సీటీఎఫ్ పజిల్స్‌తో కుస్తీ. ఫ్రెండ్స్ అయితే ఒకటే మాట: "సెక్యూరిటీ తీసుకో రా, జాబ్స్ ఉన్నాయి. డిజైన్ అంటే రంగులు దిద్దడమేగా." నేనూ దాదాపు అదే పెట్టేద్దామనుకున్నా. ఆగింది మా పెద్దమ్మ వల్ల.

పెద్దమ్మకి ఏం జరిగింది?

ఇది 2024 నాటి సంగతి. పెద్దమ్మ తన పాత కుట్టుమిషన్ ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టింది. ఎవడో ఫోన్ చేసి బేరం కూడా ఆడకుండా 2,000 ఇస్తానన్నాడు. "అమ్మా, ఇప్పుడే పంపిస్తున్నా, మీ ఫోన్‌కి ఒకటి వస్తుంది, పిన్ కొడితే మీ అకౌంట్‌లో పడిపోతాయి" అన్నాడు. వచ్చింది కలెక్ట్ రిక్వెస్ట్. అంటే డబ్బులు పంపడం కాదు, అడగడం. పెద్దమ్మ పిన్ కొట్టింది, 2,000 పోయాయి. "అయ్యో, సర్వర్ ప్రాబ్లమ్, ఇంకోసారి కొట్టండి, రెండూ కలిపి వచ్చేస్తాయి" అన్నాడు. మళ్లీ కొట్టింది. మొత్తం 4,000.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. పెదనాన్న తిడతాడని భయం. మాకు తెలిసి 1930కి ఫోన్ చేసేసరికి ఆలస్యమైపోయింది. (ఇలాంటిది జరిగితే సిగ్గు పక్కన పెట్టి ఆ నంబర్‌కి వెంటనే ఫోన్ చేయండి. డబ్బు చేతులు మారకముందే ఆపగలిగితేనే తిరిగొచ్చే ఛాన్స్.)

నేను ఊరెళ్లినప్పుడు పెద్ద తెలివైనవాడిలా చెప్పా: "పెద్దమ్మా, డబ్బులు రావడానికి పిన్ అక్కర్లేదు, పంపడానికే పిన్." పెద్దమ్మ నా వైపు చూసి, "మరి నెలనెలా పెన్షన్ పడిందో లేదో చూసుకోడానికి పిన్ కొడతా కదరా? అప్పుడేమీ పోవట్లేదే?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆవిడ కరెక్ట్. యూపీఐలో బ్యాలెన్స్ చూడాలన్నా అదే పిన్, డబ్బు పంపాలన్నా అదే పిన్. నెలనెలా బ్యాలెన్స్ చూసుకునే మనిషికి పిన్ అంటే తాళంచెవి లాంటిది, తలుపు తీయడానికి వాడేది. "పిన్ కొడితే డబ్బు పోతుంది" అనే రూల్ మనం చెబుతున్నాం కానీ, ఆవిడకి ఫోన్ రోజూ నేర్పుతున్నది వేరు.

ఆ స్క్రీన్ అలా ఎందుకుంది?

ఇక్కడే నాకు ఆసక్తి మొదలైంది. మీరు ఏ యూపీఐ యాప్ వాడినా పిన్ కొట్టే పేజీ మాత్రం దాదాపు ఒకేలా ఉంటుంది, గమనించారా? ఆ పేజీని యాప్ వాళ్లు తయారు చేయరు. ఎన్‌పీసీఐ ఇచ్చే కామన్ లైబ్రరీ నుంచి వస్తుంది. కారణం సెక్యూరిటీ. మీరు కొట్టే పిన్ యాప్‌కి కూడా కనపడకూడదు, అక్కడే ఎన్‌క్రిప్ట్ అయిపోవాలి. ఇది నిజంగా మంచి ఇంజినీరింగ్. కానీ దీని వల్ల యాప్ కంపెనీలో ఎంత మంచి డిజైనర్ ఉన్నా, డబ్బు పోయే ఆ ఆఖరి క్షణంలో ఉన్న స్క్రీన్ మీద అతని చెయ్యి పడదు. అతను చేయగలిగిందంతా దానికి ముందు పేజీలోనే.

పెద్దమ్మ కేసులో ఎన్‌క్రిప్షన్ ఫెయిల్ అవ్వలేదు. సర్వర్ హ్యాక్ అవ్వలేదు. పిన్ లీక్ అవ్వలేదు. సెక్యూరిటీ లెక్క ప్రకారం అన్నీ కరెక్ట్‌గా పనిచేశాయి, 4,000 మాత్రం పోయాయి. దీన్ని "యూజర్ ఎర్రర్" అని రాసి ఫైల్ మూసేయడం నాకు నచ్చలేదు. తర్వాత 2025 అక్టోబర్ 1 నుంచి మనిషికి మనిషి పంపే కలెక్ట్ రిక్వెస్ట్‌లని ఎన్‌పీసీఐ ఆపించింది. "జాగ్రత్త" అని మెసేజ్‌లు పంపడంతో సరిపెట్టకుండా ఆ దారినే మూసేశారు. నా దృష్టిలో అది సెక్యూరిటీ నిర్ణయం ఎంతో డిజైన్ నిర్ణయమూ అంతే.

ఇది పాత గొడవే

వెతికితే తెలిసింది, ఈ రెండూ కలిసే చోటుకి ఒక పేరే ఉంది: యూజబుల్ సెక్యూరిటీ. 1999లో ఆల్మా విటెన్, డగ్ టైగర్ అనే ఇద్దరు ఒక పేపర్ రాశారు. ఈమెయిల్స్‌కి తాళం వేసే పీజీపీ 5.0 సాఫ్ట్‌వేర్‌ని 12 మందికి ఇచ్చి, 90 నిమిషాల్లో ఒక మెయిల్ సైన్ చేసి ఎన్‌క్రిప్ట్ చేయమన్నారు. సరిగ్గా చేయగలిగింది మూడో వంతు మందే. లోపల గణితం ఎంత గట్టిదైనా బటన్ అర్థం కాకపోతే ఏం లాభం?

ఫోన్ల దగ్గరకొస్తే, పాత ఆండ్రాయిడ్‌లో యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే పర్మిషన్ల లిస్ట్ మొత్తం ఒకేసారి చూపించేవాళ్లు. 2012లో బర్క్‌లీ రీసెర్చర్లు చూస్తే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ లిస్ట్ మీద దృష్టి పెట్టింది 17% మంది. సర్వేలో అడిగిన మూడు ప్రశ్నలకీ కరెక్ట్‌గా చెప్పింది 3% మంది. 2015లో ఆండ్రాయిడ్ 6.0 వచ్చాక అవసరమైనప్పుడు మాత్రమే అడగడం మొదలైంది. ఆండ్రాయిడ్ 11లో "ఈసారికి మాత్రమే" వచ్చింది, 12లో కెమెరా, మైక్ వాడుతుంటే పైన పచ్చ గుర్తు వచ్చింది. మనం రివ్యూల్లో వీటిని ఫీచర్ల లిస్ట్‌లో ఒక లైన్‌గా రాసి వదిలేస్తాం. (ఒకసారి మీ సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచి, ఎస్‌ఎంఎస్ చదివే అనుమతి ఏయే యాప్‌లకి ఉందో చూడండి. ఓటీపీలు వచ్చేది అక్కడికే.)

క్రోమ్‌లో తాళం గుర్తు సంగతీ ఇంతే. అది ఉంటే సైట్ నమ్మకమైనదని మనందరి ఫీలింగ్. నిజానికి దాని అర్థం మీకూ సైట్‌కీ మధ్య కనెక్షన్ ఎన్‌క్రిప్ట్ అయిందని మాత్రమే. అవతల ఉన్నది దొంగ సైట్ అయినా తాళం వస్తుంది. 2021లో గూగుల్ అడిగి చూస్తే దాని అర్థం సరిగ్గా తెలిసింది 11% మందికే. అందుకే 2023లో క్రోమ్ 117 నుంచి డెస్క్‌టాప్‌లో, ఆండ్రాయిడ్‌లో ఆ తాళం తీసేసి మామూలు సెట్టింగ్స్ గుర్తు పెట్టారు.

రెండూ ట్రై చేసి చూశా

ఫామ్‌కి ఇంకా ఆరు వారాలు టైమ్ ఉంది. చదివి తేల్చుకోవడం కంటే చేసి చూద్దామనిపించింది. మూడు వారాలు సెక్యూరిటీ, మూడు వారాలు డిజైన్. ఖర్చు సున్నా. పోర్ట్‌స్విగ్గర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ ల్యాబ్స్ ఫ్రీ, పికోసీటీఎఫ్ ఫ్రీ, ఫిగ్మాలో ఫ్రీ ప్లాన్ సరిపోతుంది.

సెక్యూరిటీలో నాకు కిక్ ఇచ్చింది ల్యాబ్ సాల్వ్ అయిన క్షణం. బోర్ కొట్టింది రిపోర్ట్ రాయడం, లాగ్స్ చూడటం. ఒక సీనియర్‌ని అడిగితే సాక్ జాబ్‌లో మొదట్లో ఎక్కువ సేపు అలర్ట్స్ చూడటమే అన్నాడు. సినిమాల్లో హ్యాకర్‌ని చూసి ఇటు వచ్చేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి. డిజైన్‌లో మనుషులకి స్క్రీన్ చూపించి వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో గమనించడం నాకు పిచ్చిగా నచ్చింది. బటన్ మూల ఎంత గుండ్రంగా ఉండాలనే చర్చ మాత్రం నా వల్ల కాలేదు. ఏది నచ్చిందో కంటే, ఏ బోర్‌ని భరించగలనో చూసుకుంటే నాకు ఎక్కువ క్లారిటీ వచ్చింది.

పూర్తిగా డిజైన్ వైపే వెళ్లాలనుకునే బీటెక్ వాళ్లకి ఎంట్రన్స్ సీడ్. ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది, ఆ స్కోర్‌తో ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల ఎండిజైన్‌కి అప్లై చేయొచ్చు. గేట్ స్కోర్ మూడేళ్లు చెల్లుతుంది, సీడ్ స్కోర్ ఒక్క ఏడాదే. నాలా రెండిటి మధ్య ఉన్నవాళ్లకి ప్రైవసీ ఇంజినీర్, ప్రొడక్ట్ సెక్యూరిటీ, ట్రస్ట్ అండ్ సేఫ్టీ లాంటి పేర్లతో రోల్స్ ఉంటాయి. ఫ్రెషర్‌గా నేరుగా ఇవి దొరకడం కష్టమే, దాచడం ఎందుకు. ఏదో ఒక దాంట్లో గట్టి పట్టు ఉండాలి, రెండోది దాని పక్కన చేరాలి. అందుకే ఫామ్‌లో సెక్యూరిటీకి టిక్ పెట్టా. థీసిస్‌కి కో-గైడ్‌గా మాత్రం డిజైన్ వైపు మేడమ్‌ని అడిగి ఒప్పించా.

టాపిక్ మీరు ఊహించే ఉంటారు, పేమెంట్ కన్ఫర్మేషన్ స్క్రీన్. మొదటి మోడల్ ఫిగ్మాలో చేసి పెద్దమ్మకే చూపించా. పెద్ద తెలుగు అక్షరాల్లో "మీ ఖాతా నుంచి ₹2,000 బదిలీ అవుతాయి" అని పెట్టా. పెద్దమ్మ చదివి, "ఖాతా అంటే కోమటి కొట్లో ఖాతానా?" అంది. రెండోదాంట్లో ఎర్ర రంగులో "మీ డబ్బులు పోతాయి" అని రాశా. "ఇట్టా ఉంటే కరెంటు బిల్లు కూడా కట్టను నాయనా" అంది. నిజమే, ప్రతిదానికీ ఎర్ర వార్నింగ్ ఇస్తే మొదట భయపడతారు, నెల తిరిగేసరికి చూడకుండానే నొక్కేస్తారు.

మూడోదాంట్లో రంగుల్లేవు. ఎడమ పక్క ఆవిడ ఫొటో, కుడి పక్క అవతలి వాడి పేరు, మధ్యలో బాణం గుర్తు, దాని మీద రూపాయలు. పెద్దమ్మ బాణం మీద వేలు పెట్టి ఎడమ నుంచి కుడికి జరిపి, "అంటే ఇచ్చేది నేనన్నమాట" అంది. ఈ ఆదివారం ఇదే మా బాబాయికి చూపించాలి. ఆయన కళ్లజోడు పెట్టుకోడు, అది ఇంకో తలనొప్పి.