నీరు, జలము, మిజు, సుయి

మూసీనది దక్షిణపుటొడ్డున దారుల్‌షిఫాలో నున్న సాలార్‌జంగు వస్తుప్రదర్శనశాలకు పోవువారిలో పెక్కుమంది, బొమ్మ వచ్చి గంట కొట్టు గడియారమును, మేలిముసుగు ధరించిన రెబెక్కా పాలరాతి విగ్రహమును చూచి, అంతటితో కాళ్ళు నొప్పిపుట్టగా, జపాను వస్తువులున్న గదుల దాక పోకయే తిరిగివచ్చెదరు. చిరకాలము నేనును వారిలో ఒకడనే. లాల్‌దర్వాజలో మా పొరుగింటి పిల్ల, తార్నాకలోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున జపాను భాష చదువుచున్నది, ఒకనాడు నన్ను వెంటబెట్టుకొని పోయి, ఇమారి, సత్సుమా పింగాణి పాత్రలను, సమురాయి వీరుల వంపుకత్తులను దాటించి, ఒక అద్దపు బీరువా ముందర నిలిపినది. "కాకా, ఇటు చూడు" అని, చూపుడువ్రేలితో తన అరచేతిలో నాలుగు గీతలు గీచినది: నడుమ నిలువుగా దిగి కొస కొక్కెము తిరిగిన గీత యొకటి, దాని కెడమవైపున విరిగిన గీత యొకటి, కుడివైపున రెండు.

"ఇది నీరు. ఒక్కటే ఉంటే 'మిజు' అని చదవాలె. ఇంకో అక్షరంతోని కలిస్తే 'సుయి' అని చదవాలె. ఒక్క అక్షరానికి రెండు చదువులేంది అని క్లాసుల అందరు తల పట్టుకున్నరు. నాకైతే నవ్వొచ్చింది. మనం తాగేది నీళ్ళే గద, మరి జలపాతాన్ని నీళ్ళపాతం అంటమా?"

ఆ పిల్ల నవ్వుచు అన్న ఆ మాటలో జపాను లిపి రహస్యము సగము ఇమిడియున్నది. జపానీయులు తమ భాషకు లిపి లేని కాలమున చీనా అక్షరములను తెచ్చుకొనిరి. అక్షరముతో పాటు చీనా పదమును వచ్చెను. ఇంట పుట్టిన మాటయు పోలేదు. కావున కొండ అను అక్షరము ఒంటిగా నున్నచో ‘యమ’, సమాసమున ‘సన్’. ఫుజీ పర్వతమును వారు ‘ఫుజీసన్’ అనుటలోని సన్ గౌరవవాచకము కాదు, పర్వతమే. మనకు కొండ యుండగా పర్వతము వచ్చినట్లు, నిప్పు ఉండగా అగ్ని వచ్చినట్లు, దేశ్యమును తత్సమమును ఒక్క నోట నిలిచిన భాషలో పుట్టినవానికి ఇందు వింత యేమున్నది? మురసాకి షికిబు అను విదుషీమణి చీనా పాండిత్యమునకు లొంగక ఇంటిభాషలో ‘గెంజి’ కథను వ్రాసిన పదునొకండవ శతాబ్దమునందే, రాజమహేంద్రవరమున నన్నయభట్టు భారతమును తెనిగించుటకు పూనుకొనెను. ఒకరినొకరు ఎరుగని రెండు సాహిత్యములు పెద్దభాష నీడలో తమ గొంతు వెదకికొన్న తీరు చూడగా నాకు నిజముగా ఒడలు పులకరించును.

భాషావినిమయమునకై జపానునకు పోవు విద్యార్థులను గూర్చి ఆలోచించునపుడెల్ల నాకు నూరేండ్ల వెనుకటి ప్రయాణ మొకటి జ్ఞప్తికి వచ్చును. సర్ సయ్యద్ అహమ్మద్ ఖాన్ మనుమడును, నిజాము రాజ్యమున విద్యాశాఖాధిపతియు నగు సయ్యద్ రాస్ మసూద్, ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమై ఉర్దూలో ఉన్నతవిద్య నేర్ప నారంభించిన తొలినాళ్ళలో, ప్రభుత్వము పంపగా 1922లో జపానునకు పోయి, అచ్చటి విద్యావిధానమును పరిశీలించి వచ్చి, ఒక నివేదిక వ్రాసెను. అది మరుసటి సంవత్సరము హైదరాబాదులోనే అచ్చయ్యెను. (ఇ. ఎం. ఫార్‌స్టర్ తన ‘ఎ పాసేజ్ టు ఇండియా’ను 1924లో అంకితమిచ్చినది ఈ మసూదునకే.) 1872లోనే సార్వజనిక విద్యకు శాసనము చేసికొని, పాశ్చాత్య శాస్త్రములను మొదట విదేశీయుల నోట విని, పిదప ఒక్కొక్క మాటకే చీనా ధాతువులతో పదము కల్పించుకొని, తుదకు వైద్యమును, యంత్రశాస్త్రమును స్వభాషలోనే బోధింపగలిగిన దేశము, ఉర్దూలో అదే పని తలపెట్టిన హైదరాబాదునకు ఆదర్శముగా కనబడుటలో ఆశ్చర్యము లేదు. 1917లో ఏర్పడిన దారుల్‌తర్జుమా, అనగా అనువాదశాఖ, అరబ్బీ పారసీకముల నుండి శాస్త్రపదములు కల్పించినది. జపాను చీనానుండి కల్పించినది. మనము సంస్కృతమునుండి కల్పించుకొన్నాము. దారి యొక్కటే.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఆ రాజ్యమున తక్కిన అన్ని భాషలకంటె ఎక్కువమంది మాటలాడునది తెలుగు. ఇంటిభాషలో చదువు నేర్చుట వలననే జపాను పైకి వచ్చినదను పాఠమును ఈ నగరము అంత దూరము పోయి తెచ్చుకొన్నను, లాల్‌దర్వాజలోను గౌలిపురాలోను తెలుగు పలుకు బిడ్డలకు ఆ పాఠము అందలేదు. ఆ అన్యాయము నేటికిని మరియొక రూపమున కొనసాగుచున్నది. నేడు మన పిల్లలు జపాను భాషను నేర్చునది ఆంగ్లము ద్వారమున. వారి చేతిలోని వ్యాకరణ వ్యాఖ్యానము ఆంగ్లము, ఉదాహరణల అర్థము ఆంగ్లము. తెలుగునకు పొరుగున నున్నట్టి వాక్యమును ఆంగ్లమునకు మోసికొనిపోయి, తలక్రిందులు చేసి, మరల తెచ్చుకొని, ‘అబ్బ, ఎంత కష్టమైన భాష!’ అనుకొనుచున్నారు.

ఎంత పొరుగో చూపెదను. ‘నిన్న చదివిన పుస్తకము’ అని మన మందుము; వారు ‘కినో యొంద హొన్’ అందురు. కినో నిన్న, యొంద చదివిన, హొన్ పుస్తకము. ఒక్క మాటయైనను చోటు మారలేదు. ‘వచ్చునని అనెను’ అనుటకు ‘కురు తొ ఇత్త’. నడుమ నున్న ‘తొ’ మన ‘అని’యే. ‘తిని చూచెదను’ అనుటకు ‘తబెతె మిరు’. రుచి చూచుటకు కంటితో పని లేకున్నను వారును మనవలెనే చూచు అను క్రియనే వాడుదురు. ‘మరచిపోతిని’ అనుటకు ‘వసురెతె షిమత్త’. ఆ చివరి క్రియ చేయు పని మన ‘పోవు’ చేయునట్టిదే. ‘గొహన్’ అనగా వండిన అన్నము, భోజనమును గొహనే, ‘గొహన్ తబెత?’ అని అడిగిన జపాను తల్లి, ‘అన్నం తిన్నవా?’ అని అడిగిన మన తల్లి ఒకటే అడిగినది. అన్నిటికంటె నా మనసు కరగించినది ఇల్లు విడుచు వేళ మాట. ‘పోతున్న’ అనుట మన యిండ్లలో అశుభము, ‘పోయొస్త’ అనవలెను. జపానీయుడును గడప దాటుచు ‘ఇత్తె కిమాసు’ అనును. ఇత్తె వెళ్ళి, కిమాసు వచ్చెదను. లోపలివారు ‘ఇత్తెరష్షయి’, వెళ్ళి రమ్మని బదులు పలుకుదురు.

ఈ సామ్యముల వలన రెండు భాషలును ఒకే తల్లి బిడ్డలని నే ననుట లేదు. క్రియను చివర నిలుపుకొను భాషలకు ఇట్టి పోలికలు కొన్ని సహజముగనే వచ్చును. నేర్చుకొనువానికి మాత్రము ఇవి చేతికందిన ఊతకఱ్ఱలు. మన లిపి అంతకు మించిన ఊత. ‘ఒబసన్’ అనగా పిన్ని లేక అత్త వరుస స్త్రీ, ‘ఒబాసన్’ అనగా అవ్వ. ‘కితె’ అనగా వచ్చి, ‘కిత్తె’ అనగా తపాలా బిళ్ళ. ఆంగ్లాక్షరములలో చదివినవాడు ఈ దీర్ఘమును, ఈ ద్విత్వమును పోగొట్టుకొని పిన్నిని అవ్వను చేయును. కలకును కల్లకును భేదము పాలతో నేర్చిన బిడ్డకు ఆ భయము లేదు. ఆంగ్లపు మాటను అచ్చున ముగించుకొనుటయు ఇద్దరి అలవాటే: మన బస్సు వారికి ‘బసు’, మన బెడ్డు వారికి ‘బెద్దొ’, మన కప్పు వారికిని ‘కప్పు’.

వారి అక్షరమాల వరుస వినుడు: అ, ఇ, ఉ, ఎ, ఒ, ఆపైన క, స, త, న, హ, మ, య, ర, వ. ఓనమాలు దిద్దినవానికి ఇది ఎక్కడిదో చెప్పనక్కరలేదు. బౌద్ధభిక్షువులు మంత్రములకై సిద్ధమను భారతీయ లిపిని అభ్యసించుటవలన మన వర్ణక్రమము అక్కడికి చేరినది. చవర్గమున్న చోట ‘స’, పవర్గమున్న చోట ‘హ’ యేల యున్నవనగా, ప్రాచీనకాలమున ఆ ‘స’ పలుకుబడి చకారమునకు దగ్గరగా నుండెననియు, ఆ ‘హ’ పకారముగనే యుండెననియు భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. 736లో బోధిసేనుడను దాక్షిణాత్య బ్రాహ్మణభిక్షువు జపాను చేరి, 752లో నారా నగరమున తోదాయిజి మహాబుద్ధవిగ్రహమునకు కన్నులు తెరచు ఉత్సవము జరిపెను. కృష్ణాతీరపు నాగార్జునకొండ ఎవని పేరు మోయుచున్నదో ఆ ఆచార్య నాగార్జునుని జపాను బౌద్ధులు ‘ర్యూజు’ అని నేటికిని మూలగురువుగా తలచుచున్నారు. భాషకై మనవారు నేడు పోవు త్రోవ కొత్తది కాదు.

ఇక కష్టము లేదా యందురా, కలదు. నిత్యవ్యవహారమునకు ప్రభుత్వము నిర్ణయించిన చీనా అక్షరములే 2136. వస్తువు రూపమును బట్టి సంఖ్యకు తోక మారును: కలములు మూడైన ‘సన్‌బొన్’, కాగితములు మూడైన ‘సన్‌మయి’, పిల్లులు మూడైన ‘సన్‌బికి’. మనకు ‘మూడు’, ‘ముగ్గురు’ అను ఒక్క భేదమే తెలియును. గౌరవవాచకములు పరదేశీయులను మిక్కిలి బాధించుననుట ప్రసిద్ధము. చెప్పుట అను ఒక్క పనికి పెద్దలయెడ ‘ఒష్షరు’, తనయెడ ‘మోసు’. కాని పాతబస్తీలో పెరిగిన బిడ్డ దీనికి జంకునా? పెద్దలు సెలవిత్తురు, మనము మనవి చేసికొందుమని తెలుగులో వినియున్నది. వీధిలో దక్కనీ నోళ్ళనుండి ‘ఫర్మానా’, ‘అర్జ్ కర్‌నా’ అను జంటను వినియున్నది. మర్యాదకు రెండు అంచులున్నవని చార్మినారు నీడలో ఎవరును ప్రత్యేకముగా నేర్పనక్కరలేదు.

పోవు మార్గములు కొన్ని చెప్పెదను. జపాను భాషను ప్రధానపాఠ్యముగా చదువు విదేశీ విద్యార్థులకు ఆ దేశపు విద్యామంత్రిత్వశాఖ వేతనమిచ్చి సుమారు ఒక యేడు అక్కడి విశ్వవిద్యాలయమున చదివించును; బోధనరుసుము లేదు, ప్రయాణవ్యయము వారిదే, పట్టము మాత్రము రాదు. విశ్వవిద్యాలయముల నడుమ ఒప్పందముల ద్వారా పోవువారును కలరు. కందిలోని ఐ.ఐ.టి. జపాను సహకారముతో పెరిగినదగుటచే అక్కడినుండి ఉన్నతవిద్యకు పోవువారు వేరు. ప్రావీణ్యపరీక్షకు ఐదు మెట్లు. ఐదవది తొలిమెట్టు, ఒకటవది శిఖరము. చేరిన పిదప ఇల్లు కుదిరిన 14 దినములలో పురపాలక కార్యాలయమున నమోదు కావలెను. అనుమతి పొందినచో వారమునకు 28 గంటలవరకు పని చేసికొనవచ్చును. ఆరోగ్యబీమాలో చేరినచో వైద్యవ్యయమున నూటికి 30 వంతులే తాను పెట్టుకొనవలెను. శాకాహారులకు, హలాలు నియమము గలవారికి మాత్రము ముందే చెప్పవలసిన సంగతి యొకటి: కూరముక్కలు మాత్రమే కనబడు చారులోనను ఎండుచేప కషాయ ముండును.

మా పొరుగింటి పిల్ల కాన్సాయి ప్రాంతమునకు పోయినది. పోవునాడు గడపలో నిలిచి అవ్వకు ‘ఇత్తె కిమాసు’ అర్థము చెప్పగా, ఆమె "గింతేనా, మనమాటే గద బిడ్డా, పోయిరా" అన్నది. మొదటి నెలలోనే తోదాయిజి బుద్ధుని ఎదుట దిగిన చిత్రము పంపి, దిగువన ఇట్లు వ్రాసినది: పుస్తకములో కృతజ్ఞతకు ‘అరిగతో’ అని యున్నది, ఇక్కడ అంగడిలో ముసలివారు ‘ఓకిని’ అంటున్నారు, బడిలో ఒక తెలుగు, ఇంట్లో ఒక తెలుగు అలవాటే కనుక నాకు ఇల్లు గుర్తుకు వచ్చినది. ఒక నోటుపుస్తకమును కూడ మొదలుపెట్టినది. ఎడమవైపు తెలుగు, కుడివైపు జపాను, నడుమ ఆంగ్లము లేదు. ఆంగ్లము రాని తన ఊరిపిల్ల యొకతె రేపు జపాను నేర్వదలచినచో చేతికి ఇచ్చుటకని చెప్పినది. పుటలను ఫోనులో చిత్రములు తీసి ఇంటికి పంపుచుండును.

మొన్న తెల్లవారుజామున మా గల్లీలో నల్లా వచ్చు వేళ నేను బిందె తీసికొని పోగా, ఆమె చెల్లెలు, ఆరవ తరగతి పిల్ల, తన బిందె నల్లా క్రింద నుంచి గచ్చుమీద గొంతుకూర్చున్నది. తడివ్రేలితో నాలుగు గీతలు గీచినది: నడుమ కొక్కెము, ఎడమ నొకటి, కుడిని రెండు. "మిజు" అన్నది. అది ఆరిపోవులోపల ప్రక్కన మరల గీచి "సుయి" అన్నది. బిందె నిండి పొర్లుచుండెను.