'నక్కో' అంటే నామోషీయా?

జుమా నమాజు ముగిశాక మసీదు పక్కన చాయ్ దుకాణం దగ్గర నిలబడి వినండి. "ఔర్ ఏక్ చాయ్, మియా?" "నక్కో యారో, అబ్బీచ్ పీకే ఆయా." ఈ రెండు ముక్కల్లో దక్కను చరిత్ర చాలానే ఉంది.

'నక్కో' ఉత్తరాది ఉర్దూ మాట కాదు. మరాఠీలో వద్దు అనడానికి 'నకో' అంటారు. 'అబ్బీచ్' చివరి 'చ్' కూడా అక్కడిదే. తెలుగులో 'ఇప్పుడే' అన్నప్పుడు చివరి 'ఏ' చేసే పని అది చేస్తుంది. 1327లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దౌలతాబాద్‌కు మార్చినప్పుడు ఢిల్లీ నుంచి తరలివచ్చిన వారి భాష మరాఠీ, కన్నడ, తెలుగు ఇరుగుపొరుగుతో కలిసి క్రమంగా దక్కనీగా రూపుదిద్దుకుంది. 1591లో హైదరాబాద్‌ను నిర్మించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం రాసింది అందులోనే. సుల్తాను రాసిన భాష నేడు గల్లీ భాష అనిపించుకుంటోంది!

దోస్తుల మధ్య మాట పాకే తీరే వేరు. 'ఖతర్నాక్' అంటే ప్రమాదకరం. కానీ బిర్యానీ రుచిగా ఉన్నా, బంతి బౌండరీ దాటినా కుర్రాళ్లది అదే మాట. ఫార్సీలో 'మస్త్' అంటే మత్తులో ఉన్నవాడు. తెలంగాణ పల్లెల్లో 'మస్తు' అంటే బోలెడు. ఆ మాట వాడడానికి ఉర్దూ రానక్కర్లేదు, ముస్లిం అయి ఉండనక్కర్లేదు. 'ది అంగ్రేజ్' చిత్రం వచ్చాక చార్మినార్ చుట్టుపక్కల కుర్రాళ్ల మాటలు ఎక్కడెక్కడి కాలేజీల్లోనో వినిపించాయి. అయితే నవ్వుకోవడానికే. సులేమాన్ ఖతీబ్ ముషాయిరాల్లో ఇదే దక్కనీతో నవ్వించారు, కంటతడి కూడా పెట్టించారు. ఆ రెండోది జనం మరిచారు.

'పర్సోం' సంగతి మరీ గమ్మత్తు. నిఘంటువులో మొన్న. మన నోట పోయిన రంజాన్ కూడా కావచ్చు. చదువుకునే రోజుల్లో ఉత్తరాది మిత్రుడొకరు తన పుస్తకం అడిగితే "పర్సోంచ్ దియా" అన్నాము. ఇచ్చి ఆరు నెలలైంది. మొన్న ఇచ్చింది ఎటు పోతుందని ఆయన గదంతా తిరగేశారు. అసలు సంగతి తెలిశాక హాస్టలంతా నవ్వింది. మాకు 'నక్కో సాబ్' అని పేరు పడింది. సిగ్గేసి ఆ మాటలన్నీ మానేశాము.

సెలవులకు ఇంటికి వచ్చాము. అమ్మీ మరో గరిటె ఖట్టీ దాల్ వడ్డించబోతే "జీ నహీఁ, షుక్రియా" అన్నాము. ఆమె గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"కౌన్‌సే గాఁవ్ కా మెహ్మాన్ ఆయా రే?" అంది. ఏ ఊరి అతిథి వచ్చాడ్రా అని.