వామి వేసిన రోజే లెక్క

పొద్దున్నే మీ గుమ్మంలోకి వచ్చే పాల వెనక ఒక ఇల్లాలి లెక్క ఉంటుంది. ఈవేళ ఆ సంగతి చెబుతాను.

మా బత్తలపల్లి వైపు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ సమయానికి పడదు. శెనక్కాయ పంట పోయిందంటే ఎండాకాలానికి పశువులు తినే కట్టె కూడా పోయినట్టే. అందుకే మా అత్తగారు వామి వేసిన రోజే లెక్క కట్టేవారు. పెద్ద పశువుకు రోజుకు 6 కిలోల ఎండుమేత చొప్పున నాలుగింటికి నాలుగు నెలలకు దాదాపు 3 టన్నులు. నీళ్లు ఒక్కోదానికి రోజూ మూడు బిందెలకు తగ్గవు. మేత చాలదని తేలితే సంక్రాంతిలోపే ఒకటో రెండో అమ్మించేవారు. ఆ తర్వాత అందరూ సంతకు తోలేవాళ్లే, కొనేవాళ్లేరీ?

ఒక ఏడు మామగారు వినలేదు. ముసలి ఎద్దు మీద మమకారం. ఉన్న మేత దానికీ పంచితే పాలావు వట్టిపోయింది, ఎద్దూ దక్కలేదు.

ఆస్ట్రేలియాలో అన్నా క్రీక్ అనే పశుక్షేత్రం ఉంది. 2008 నాటికి అది 23 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే! అంతటివాళ్లూ ఆ ఏడు కరువుకు తలొగ్గి మందను రెండు వేలలోపుకు తగ్గించుకున్నారు. మా అత్తగారి లెక్కే కదండీ?

వాన లేక వాడిన లేత జొన్నలో నాము ఉంటుంది. అది సైనైడు విషం, నిమిషాల్లో పశువును పడగొడుతుంది. అందుకే ఆ రోజుల్లో మా అత్తగారు కర్ర పట్టుకుని చేను గట్టు మీదే కూర్చునేవారు, అన్నం కూడా అక్కడికే తెప్పించుకుని.