"ఆయ్, బాగున్నానండి" అన్న తరువాత

ప్రతి నెలా ఒకటో తారీఖున సచివాలయ ఉద్యోగి గుమ్మం దగ్గరకే వచ్చి పింఛను ఇచ్చి వెళ్తారు. 2024 జూలై నుండి వృద్ధులకు అది 4,000 రూపాయలు. వేలిముద్ర పడుతుంది, డబ్బు చేతికి వస్తుంది. "బాగున్నారా మామ్మగారూ?" అంటే "ఆయ్, బాగున్నానండి" అని జవాబు. మన కోనసీమలో "ఆయ్" మర్యాద మాట. అందులో నిజంగా బాగెంతో ఆ మాట చెప్పదు. కూతురు కువైట్‌లో, కొడుకు దుబాయ్‌లో ఉన్న తల్లి వారం రోజులుగా ఎవరితోనూ మనసు విప్పలేదన్న సంగతి ఏ రిజిస్టరులోకీ ఎక్కదు.

ఈ లోటును సూటిగా పట్టించుకున్నది మానవతావాద మనస్తత్వశాస్త్రం. మనిషిని లోలోపలి కోరికలు నడుపుతాయని ఫ్రాయిడ్, బయటి పరిస్థితులు నడుపుతాయని స్కిన్నర్ వంటివారు చెబుతున్న రోజుల్లో, అతని బాధ గురించి అతనికే ఎక్కువ తెలుసని కార్ల్ రోజర్స్ (1902–1987) అన్నారు. ఆయన 1924లో పాస్టరు కావాలని న్యూయార్క్‌లోని యూనియన్ సెమినరీలో చేరి, రెండేళ్లకు మనస్తత్వశాస్త్రం వైపు మళ్లారు. తరువాత పన్నెండేళ్లు రోచెస్టర్ నగరంలో, కష్టాల్లో ఉన్న పిల్లల సంరక్షణ సంస్థలో పనిచేశారు. అంటే ఈ సిద్ధాంతం పుట్టిందే సాంఘిక సేవలో.

అక్కడ జరిగిన ఒక సంగతి ఆయనే రాశారు. అల్లరి పిల్లవాడి తల్లికి తప్పు ఎక్కడుందో వారాల తరబడి వివరించినా ఫలితం లేకపోయింది. ఇక ఆపేద్దామన్నారు. ఆమె సరేనని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, పెద్దవాళ్లకు కూడా సలహా ఇస్తారా అని అడిగింది. కూర్చుని తన కాపురం గోడు చెప్పుకుంది. రోజర్స్ విన్నారు. పిల్లవాడి పరిస్థితి కూడా అప్పటినుండే మెరుగుపడింది.

సహాయం చేసేవారిలో మూడు గుణాలు ఉండాలని 1957లో ఆయన తేల్చి చెప్పారు: నటన లేకపోవడం, ఎదుటివారి లోకాన్ని వారి కళ్లతో చూడగలగడం, షరతులు లేని ఆదరణ. మూడోదే కష్టం. తాగి వచ్చిన మనిషి చేసిన పనిని మెచ్చుకోమని దాని అర్థం కాదు. "ముందు తాగుడు మానెయ్, తరువాత మాట్లాడదాం" అని గుమ్మంలోనే షరతు పెట్టవద్దని అర్థం. పరామర్శకు వెళ్లి పది నిమిషాలు మనమే బోధించి వచ్చే అలవాటు మనలో చాలామందికి ఉంది!

మనిషి స్వభావతః మంచివాడన్న రోజర్స్ నమ్మకంతో సంఘంలో అందరూ ఏకీభవించరు. అది తీవ్రమైన భేదమే. కానీ వినడం నేర్చుకోవడానికి ఆ వాదం తేలేదాకా ఆగనక్కరలేదు.

అబ్రహాం మాస్లో 1943లో మనిషి అవసరాలను వరుసలో పెట్టారు: ఆకలి, భద్రత, ప్రేమ, గౌరవం, చివరకు తనలోని శక్తిని నెరవేర్చుకోవడం. ఈ వరుస బిగుతైనది కాదని ఆయనే అన్నారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి లంక గ్రామాలు మునిగినప్పటిలాంటి రోజుల్లో ఇది అర్థమవుతుంది. నిన్నటిదాకా పదిమందికి అన్నం పెట్టిన ఇల్లాలు ఆకలితో ఉండి కూడా పొట్లాల వరుసలో నిలబడలేదు. ఆమెను వరుసలో నిలబెట్టి ఫోటో తీయకుండా, పొట్లం దగ్గరకు తీసుకువెళ్లి, పశువులు ఒడ్డుకు చేరాయా అని అడిగితే అన్నంతోపాటు గౌరవం కూడా అందినట్టే.

అయితే వినడం అన్నింటికీ మందు కాదు. నిద్ర పూర్తిగా పోయినవారికి, లేని మాటలు వినపడేవారికి, చచ్చిపోతాననేవారికి వైద్యుడు కావాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పెద్దవారికి నంబరు చెప్పి రావడం కంటే, పక్కన కూర్చుని, వారు ఒప్పుకుంటే ఫోన్ కలిపి ఇవ్వడం మంచిది.